మహమ్మారి వేళ వేసవి శిబిరాలు: తెరిచే ముందు తేలాల్సిన లెక్కలు

క్లుప్తంగా

అంటువ్యాధి తిరుగుతున్న రోజుల్లో పిల్లల సమ్మర్ క్యాంపులు తెరవాలా వద్దా అన్నదానికి అన్ని క్యాంపులకూ సరిపోయే జవాబు లేదు. పొద్దున ఆడించి ఎండెక్కేలోపు ఇంటికి పంపే శిబిరానికీ, పది రోజులు ఒకే గదిలో పడుకోబెట్టే శిబిరానికీ ప్రమాదంలో చాలా తేడా ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చూడాల్సింది పిల్లవాడికి ఏమవుతుందన్నది ఒక్కటే కాదు, వాడు తిరిగి వెళ్లే ఇంట్లో ఎవరున్నారన్నది కూడా. కొవిడ్ కాలపు అనుభవాన్ని బట్టి, రాత్రి బస ఉన్న శిబిరాలను ఆపి, ఊళ్లోనే చిన్న జట్లతో ఆరుబయట నడిచే వాటిని షరతులతో అనుమతించడానికే ఆధారాలు ఎక్కువ.

మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న

ఏప్రిల్ చివరి వారంలో బడులకు సెలవులిస్తారు. తిరిగి తెరిచేది జూన్ 12 ప్రాంతంలో. మధ్యలోని ఏడు వారాల్లో ఉత్తరాంధ్రలో పిల్లల కోసం చాలానే నడుస్తాయి. క్రీడా ప్రాధికార సంస్థ, అంటే శాప్, శిక్షణ శిబిరాలు పెడుతుంది. గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు జరుగుతాయి. పట్టణాల్లోనైతే ఫీజు కట్టి చేరే ఈత, చిత్రలేఖనం, అబాకస్, స్పోకెన్ ఇంగ్లిష్ తరగతులు ఉండనే ఉన్నాయి.

2020 వేసవి లాక్‌డౌన్‌లో పోయింది. 2021లో ఏప్రిల్ 20 నుంచి ఒకటి నుంచి తొమ్మిదో తరగతి వరకు బడులు మూశారు, మే 5 నుంచి రాష్ట్రమంతా మధ్యాహ్నం 12 తర్వాత కర్ఫ్యూ పెట్టారు. ఆ రెండేళ్లూ శిబిరాల గురించి ఎవరూ విడిగా ఆలోచించాల్సిన అవసరమే రాలేదు. అన్నిటితోపాటు అవీ ఆగాయి. కొవిడ్‌పై ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన అత్యవసర స్థితి 2023 మే 5న ముగిసింది. అయినా 2025 మేలో, సరిగ్గా సెలవుల నడుమ, దేశంలో కేసులు మళ్లీ వార్తల్లోకి వచ్చాయి. పిల్లల్ని పంపొచ్చా అన్న టెన్షన్ మళ్లీ మొదలైంది. అంతా మూసేసినప్పుడు జవాబు తేలిక. సగం తెరిచి సగం మూసిన కాలంలోనే చిక్కు.

రాత్రి బస దగ్గరే అసలు తేడా

విజయనగరం విజ్జీ స్టేడియంలోనో, శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలోనో పొద్దున్నే రెండు గంటలు ఆడించి పంపే శిక్షణ ఒక రకం. నెల్లిమర్ల మండలం కొండవెలగాడలాంటి చోట ఊరి పిల్లలే ఊళ్లోనే బరువులెత్తడం నేర్చుకోవడం దానికి దగ్గరి రకం. ఎన్‌సీసీ వార్షిక శిబిరం, స్కౌట్ల శిబిరం, వసతి గృహంలో పెట్టే శిక్షణ మూడో రకం. వీటిలో వేర్వేరు మండలాల పిల్లలు ఒకచోట తింటారు, ఒకచోట పడుకుంటారు.

అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, సీడీసీ, 2020లో శిబిరాల ప్రమాదానికి మెట్లు గీసినప్పుడు కూడా ఈ తేడాలనే చూసింది. అన్నిటికన్నా కింది మెట్టు ఆన్‌లైన్‌ది. ఆ పైన, ఒకే ప్రాంతపు పిల్లలు చిన్న జట్లుగా, రోజంతా అదే జట్టులో, వస్తువులు పంచుకోకుండా గడిపేది. జట్లు కలిసిపోయేకొద్దీ మెట్టు పెరుగుతుంది. వేర్వేరు ప్రాంతాల పిల్లలు దూరం పాటించకుండా కలిసిమెలిసి ఉండేది పై మెట్టు.

నిద్ర ఎందుకంత ముఖ్యమంటే, ఎనిమిది గంటల పాటు ఒకే గదిలో ఒకే గాలి పీల్చే పని పిల్లలు పగలు ఎక్కడా చేయరు. పైగా పడుకున్నవాళ్లకు మాస్కు పెట్టించలేం. దోమల కోసం కిటికీలు మూస్తే గాలి ఆడదు, తెరిస్తే దోమలు. ఈ సంగతి తీరప్రాంతపు హాస్టల్లో ఒక్క రాత్రి ఉన్నవారికైనా తెలుసు.

జార్జియాలో జరిగింది, మేన్‌లో జరగనిది

2020 వేసవిలో అమెరికాలో కొన్ని రాష్ట్రాలు క్యాంపులు తెరవనిచ్చాయి, కొన్ని ఆపాయి. తెరిచినవాటిలో రెండు అనుభవాలను సీడీసీ లెక్కలతో సహా ప్రచురించింది. రెండూ రాత్రి బస ఉన్న శిబిరాలే. ఫలితాలు మాత్రం పూర్తిగా వేరు.

జార్జియా రాష్ట్రంలోని శిబిరంలో జూన్ 17 నుంచి 20 వరకు సిబ్బందికి శిక్షణ జరిగింది. 21న పిల్లలు వచ్చారు. అందరూ రాకముందు 12 రోజుల్లోపు పరీక్ష చేయించుకుని నెగెటివ్ కాగితం చూపించారు. 23న సిబ్బందిలోని ఒక టీనేజరుకు చలితో ఒళ్లు వణికి ఇంటికి వెళ్లాల్సి వచ్చింది. మర్నాడు పాజిటివ్ అని తేలింది. ఆ రోజు నుంచే పిల్లల్ని ఇళ్లకు పంపడం మొదలుపెట్టి, 27న శిబిరం మూసేశారు. అంటే పిల్లలు ఉన్నది వారం కూడా కాదు. జార్జియా వాసులైన 597 మందిలో 344 మందికి పరీక్ష ఫలితాలు దొరికితే, అందులో 260 మందికి పాజిటివ్. ఫలితాలు తెలియనివాళ్లందరికీ వ్యాధి రాలేదనుకున్నా మొత్తంలో 44 శాతం అవుతుంది. 6 నుంచి 10 ఏళ్ల పిల్లల్లో అది 51 శాతం.

ఆ శిబిరం ఏ జాగ్రత్తా తీసుకోలేదనడం సరికాదు. సిబ్బంది మాస్కులు పెట్టుకున్నారు, శుభ్రత పాటించారు. పాటించనివి రెండు: పిల్లలకు మాస్కు తప్పనిసరి చేయలేదు, భవనాల కిటికీలు తలుపులు తెరిచి గాలి ఆడనివ్వలేదు. ఒక్కో గదిలో సగటున 15 మంది పడుకున్నారు. రోజూ గట్టిగా పాటలు, కేకలు. మామూలు మాటలకన్నా గొంతెత్తి పాడినప్పుడు, అరిచినప్పుడు నోటి నుంచి వచ్చే తుంపరలు, సూక్ష్మ కణాలు ఎక్కువ. మూసిన గదిలో అవి గాలిలో చాలాసేపు నిలుస్తాయి.

12 రోజుల నాటి నెగెటివ్ కాగితం ఎందుకు పనికిరాలేదన్నది విడిగా చెప్పుకోవాలి. పరీక్ష ఆ రోజు ముక్కులో వైరస్ ఉందా లేదా అన్నది మాత్రమే చెబుతుంది. మర్నాడు పెళ్లిలో సోకినా ఆ కాగితం మీద నెగెటివ్ అనే ఉంటుంది. అప్పటి వైరస్ సోకాక లక్షణాలు కనబడడానికి సగటున ఐదు రోజులు, ఒక్కోసారి 14 రోజులు పట్టేది. లక్షణాలు రాకముందే ఒకటి రెండు రోజులు ఇతరులకు అంటేది. కాబట్టి గేటు దగ్గర నుదుటికి థర్మామీటరు పెట్టినా అలాంటివాళ్లు దొరకరు.

మేన్ రాష్ట్రంలోని నాలుగు శిబిరాల కథ దీనికి ఎదురు. 41 రాష్ట్రాల నుంచి, కొందరు విదేశాల నుంచీ మొత్తం 1,022 మంది వచ్చారు. దూరాభారం చూస్తే ప్రమాదం ఇక్కడే ఎక్కువ ఉండాలి. బయల్దేరే ముందు 10 నుంచి 14 రోజులు ఇంటి దగ్గరే విడిగా ఉండమన్నారు. రావడానికి ముందు ఒకసారి, వచ్చిన కొన్ని రోజులకు మరోసారి పరీక్ష చేశారు. పిల్లల్ని జట్లుగా విడగొట్టి, మొదటి రోజుల్లో ఒక జట్టును మరో జట్టుతో కలవనివ్వలేదు. రోజూ లక్షణాలు చూశారు, జట్టు దాటితే మాస్కు పెట్టించారు. రెండో పరీక్షలో ముగ్గురు బయటపడ్డారు, ఇద్దరు సిబ్బంది, ఒక పిల్లవాడు. వాళ్లను వేరుచేసి, వాళ్ల జట్లను క్వారంటైన్‌లో ఉంచారు. వేసవి మొత్తంలో ఆ ముగ్గురి నుంచి ఇంకెవరికీ అంటలేదు.

దీన్ని బట్టి రాత్రి బస శిబిరం అసాధ్యమేమీ కాదని ఒప్పుకోవాలి. అయితే దాని ధర ఎవరు కడతారన్నది ఇక్కడి ప్రశ్న. రెండు గదుల ఇంట్లో ఆరుగురు ఉండే కుటుంబంలో పిల్లవాణ్ణి రెండు వారాలు విడిగా ఉంచడం కుదరదు. తండ్రి రోజూ కూలికో, చేపల వేటకో వెళ్లాల్సిందే. పరీక్ష ఫలితం రావడానికి రెండు రోజులు పడితే, ఆ రెండు రోజులూ పిల్లలు కలిసి తిరుగుతూనే ఉంటారు. మేన్ పద్ధతిలో సగం మాత్రమే పాటిస్తే వచ్చేది మేన్ ఫలితంలో సగం కాదు, జార్జియా ఫలితం కావచ్చు.

ఎంతమంది, ఎన్ని జట్లు

ఊళ్లో ప్రతి 200 మందిలో ఒకరికి వైరస్ ఉందనుకుందాం. వాళ్లలో ఎవరో తెలియదు. 10 మంది పిల్లల జట్టులో కనీసం ఒకరు వైరస్‌తో వచ్చే అవకాశం 5 శాతం దగ్గర. 50 మంది అయితే అది 22 శాతానికి, 200 మంది అయితే 63 శాతానికి చేరుతుంది. సంఖ్య పెరిగేకొద్దీ “మన క్యాంపులో ఎవరికీ ఉండదులే” అన్న మాటకు ఆధారం తగ్గిపోతుంది.

మరి 200 మందిని పదేసి మందిగా 20 జట్లు చేస్తే? వైరస్ లోపలికి వచ్చే అవకాశం తగ్గదు. 200 మందిలో సగటున ఒకరు దానితో వస్తారు, ఏ జట్టులో ఉన్నా. మారేది నష్టం. ఒకే గుంపుగా ఉంటే 199 మందికి దారి ఉంటుంది, జట్లు నిజంగా విడిగా ఉంటే తొమ్మిది మందికే. జట్ల పద్ధతి పనిచేసేది ఇందుకే, చెడేది కూడా ఇక్కడే. మైదానంలో విడిగా ఉన్న జట్లు మంచినీళ్ల కుళాయి దగ్గర, మరుగుదొడ్డి దగ్గర, ఇంటికెళ్లే షేర్ ఆటోలో కలిసిపోతే కాగితం మీది జట్లకు అర్థం లేదు. అన్నట్టు, కిక్కిరిసినా పక్కలు తెరిచి ఉండే ఆటో, అద్దాలు బిగించిన ఏసీ వ్యాను కన్నా నయం.

కొవిడ్‌లో మరో విశేషం ఉంది. సోకినవాళ్లలో చాలామంది ఇంకెవరికీ అంటించలేదు. పది నుంచి 20 శాతం మంది ద్వారానే దాదాపు 80 శాతం వ్యాప్తి జరిగిందని పలు అంచనాలు చెప్పాయి. దీనివల్ల చాలా శిబిరాలు ఏ ఇబ్బందీ లేకుండా ముగుస్తాయి, ఎక్కడో ఒక్కటి జార్జియా అవుతుంది. “పోయినసారి పెట్టాం, ఏమీ కాలేదు” అని నిర్వాహకులు చెప్పే మాట నిజమే అయినా, ఈసారికి అది భరోసా కాదు.

సాయంత్రం చేరేది ఏ ఇంటికి

కొవిడ్ తొలి రకాల్లో పిల్లలకు వ్యాధి ఎక్కువగా తేలికగానే వచ్చిపోయింది. అరుదుగా కొందరికి సోకిన రెండు నుంచి ఆరు వారాల తర్వాత గుండెతో సహా పలు అవయవాలకు వాపు వచ్చే ఎంఐఎస్-సి కనిపించింది. అప్పటికి క్యాంపు ముగిసి, ఫోన్ నంబర్ల పుస్తకం కూడా ఎక్కడుందో తెలియని స్థితి ఉంటుంది. అది పక్కనపెడితే, అసలు బరువు పడేది ఇంట్లోని పెద్దల మీద.

శ్రీకాకుళం జిల్లాలో ఈ మాటకు వేరే చోట లేని అర్థం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాలు కలిసిన ఉద్దానంలో కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా పాతుకుపోయింది. డయాలసిస్ మీద ఉన్నవారు కొవిడ్‌లో అత్యంత ప్రమాదంలో ఉన్న వర్గాల్లో ఒకరు. వాళ్లను ఇంట్లోనే ఉండమనీ చెప్పలేం, వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ కేంద్రానికి వెళ్లి గంటల తరబడి పడుకోవాలి. ఆ ఇంటి పిల్లవాడు క్యాంపు నుంచి వైరస్ తెస్తే అది తాతతో ఆగదు, తాత పక్క మంచం మీదున్న మనిషి దాకా పోతుంది.

క్యాంపులో చేర్చేటప్పుడు తల్లిదండ్రుల చేత అంగీకార పత్రం మీద సంతకం పెట్టించుకోవడం అలవాటు. ఆ పత్రంలో ఎక్కువ ప్రమాదం మోసే నాయనమ్మ సంతకం ఉండదు. ఇంట్లో డయాలసిస్ రోగి, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, బాగా వయసు మళ్లినవారు ఉన్నారా అన్న ఒక్క ప్రశ్న దరఖాస్తులో చేర్చడం థర్మల్ స్కానర్ కొనడం కన్నా ఉపయోగం. అలాంటి ఇంటి పిల్లల్ని తిప్పి పంపాలని కాదు. వాళ్లకు ఆరుబయటి జట్టులో చోటివ్వాలి, ఊళ్లో కేసులు కనిపించగానే ముందు వాళ్ల ఇంటికే కబురు వెళ్లాలి.

రెండో విషయం వలస. ఈ రెండు జిల్లాల జనం హైదరాబాద్, చెన్నై, విజయవాడ, విశాఖ, గుజరాత్ రేవుల దాకా పనికి వెళ్తారు. వేసవిలో ఊరి పండగలకూ పెళ్లిళ్లకూ తిరిగొస్తారు. 2020లో రాష్ట్రంలో చివరగా కేసు నమోదైన జిల్లా విజయనగరం, మే మొదటి వారం వరకు అక్కడ ఒక్కటీ లేదు. శ్రీకాకుళంలో మొదటివి ఏప్రిల్ చివరి వారంలో బయటపడ్డాయి. అదే రోజుల్లో గుజరాత్‌లోని వెరావల్‌లో చిక్కుకున్న వేలమంది మత్స్యకారులు బస్సుల్లో ఇళ్లకు బయల్దేరారు. రాకపోకలు సాగాక ఈ జిల్లాలకు దూరం ఇచ్చిన వెసులుబాటు కొద్ది నెలల్లోనే కరిగిపోయింది. శిబిరం నడిచే మే నెలే బయటి ఊళ్ల నుంచి జనం ఇంటికి చేరే నెల కూడా. జట్టులోని పిల్లలందరూ ఒకే ఊరివాళ్లైనా, వాళ్ల ఇళ్లలో దిగినవాళ్లు ఒకే ఊరి నుంచి వచ్చినవాళ్లు కారు.

ఆసుపత్రుల సంగతీ ఇక్కడే చూడాలి. 2020లో శ్రీకాకుళానికి ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, రాగోలులోని జెమ్స్, విజయనగరానికి నెల్లిమర్లలోని మిమ్స్ ప్రధాన దిక్కయ్యాయి. పరిస్థితి విషమిస్తే చూపు విశాఖ వైపే. అదే సమయంలో విశాఖలోనూ పడకలు నిండితే, చిన్న శిబిరంలో పుట్టిన గుంపు కేసులు కూడా పెద్ద బరువే.

ఎండా, గాలీ

ఆరుబయట పెట్టండి అని చెప్పడం తేలిక. మే నెలలో పార్వతీపురం వైపైనా, తీరం వెంబడైనా పదింటికే ఎండ తట్టుకోలేం. తీరంలో ఉక్కపోత తోడవుతుంది. మాస్కు పెట్టుకుని పరుగెత్తమంటే అంటువ్యాధి కన్నా ముందు వడదెబ్బ తగులుతుంది. నీడ కోసం పిల్లల్ని హాలులోకి తెస్తే గాలి తగ్గుతుంది, చల్లదనం కోసం ఏసీ వేసి తలుపులు మూస్తే ఇంకా తగ్గుతుంది. చల్లటి ప్రాంతాల కోసం రాసిన మార్గదర్శకాల్లో ఈ ఇరకాటం గురించి పెద్దగా ఉండదు.

బయటపడే దారి సమయంలో ఉంది. పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపల ముగించి, ఎవరి ఇంటి తిండి వాళ్లు ఇంట్లోనే తినేట్టు పంపేస్తే హాలు అవసరమే రాదు. మామిడి తోటలో, రెండు పక్కలా తెరిచిన రేకుల షెడ్డులో, బడి వరండాలో నడిపితే మాస్కు లేకున్నా కొంత రక్షణ ఉంటుంది. పెద్ద లోటు మధ్యాహ్న భోజనం. పేద పిల్లలకు క్యాంపులో పెట్టే తిండి చిన్న విషయం కాదు. అయితే వరుసగా కూర్చుని తినే అరగంటే రోజు మొత్తంలో మాస్కులు తీసి, ఎదురుబొదురుగా మాట్లాడుకునే సమయం. గుడ్డు, చిక్కీ, అరటిపండు లాంటివి చేతికిచ్చి పంపడం దీనికి మధ్యే మార్గం.

మూసేస్తే పిల్లలు ఇంట్లోనే ఉంటారా

తెరవొద్దనే వాదన వెనుక చెప్పని ఊహ ఒకటుంది: క్యాంపు లేకపోతే పిల్లవాడు ఇంట్లో భద్రంగా ఉంటాడని. అంకెలు దీన్ని బలపరచవు. 2021 జూన్, జులైలలో భారత వైద్య పరిశోధన మండలి, ఐసీఎంఆర్, జరిపిన నాలుగో జాతీయ సర్వేలో 6 నుంచి 9 ఏళ్ల పిల్లల్లో 57.2 శాతం మందికి, 10 నుంచి 17 ఏళ్లవారిలో 61.6 శాతం మందికి రక్తంలో యాంటీబాడీలు, అంటే వైరస్‌ను ఎదుర్కొనడానికి ఒంట్లో తయారయ్యే కణాలు, కనిపించాయి. అన్ని వయసుల సగటు 67.6 శాతం. చిన్న తరగతుల పిల్లలు అప్పటికి ఏడాదికి పైగా బడి ముఖం చూడడమే అరుదు. అయినా పెద్దవాళ్లకు దగ్గర దగ్గరగా వాళ్లకూ సోకింది, ఇంట్లో, వీధిలో, పెళ్లిళ్లలో.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరు 2న 9, 10, ఇంటర్ తరగతులు తెరిచిన మూడు రోజుల్లో 262 మంది విద్యార్థులకు, దాదాపు 160 మంది ఉపాధ్యాయులకు పాజిటివ్ వచ్చిందన్న వార్త అప్పట్లో కలవరం రేపింది. హాజరైన విద్యార్థులు సుమారు నాలుగు లక్షలు. సోకినప్పటి నుంచి లక్షణాలకు సగటున ఐదు రోజులు పట్టే వ్యాధి మూడు రోజుల్లో బడిలో పుట్టి అంతమందిలో బయటపడడం కష్టం. వాళ్లలో ఎక్కువమంది ఇంటి నుంచే తెచ్చుకుని ఉండాలి. పరీక్షలు చేయడం వల్ల అది కనిపించింది, అంతే. శిబిరం తెరిచిన మొదటి వారంలో తేలే కేసులకూ ఇదే వర్తిస్తుంది. వాటిని చూసి శిబిరాన్నే తప్పుపట్టకూడదు, రెండో వారంలో అదే జట్టులో పెరిగితే మాత్రం వేరే ఆధారం అక్కర్లేదు.

ఇంటిపట్టున లేని పిల్లలు మరెక్కడుంటారో చెప్పడానికి సర్వేలు అవసరం లేదు. నాగావళి, వంశధార రేవుల్లో, ఊరి చెరువుల్లో, సముద్రంలో ఈతకు దిగి పిల్లలు మునిగిపోయిన వార్త లేకుండా ఏ వేసవీ గడవదు. పీఈటీ మాస్టారి కళ్లముందు మైదానంలో ఉన్న పిల్లవాడికి ఆ ప్రమాదం లేదు. చదువు నష్టం సరేసరి. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ 2021 జనవరిలో ఐదు రాష్ట్రాల్లో రెండు నుంచి ఆరో తరగతి పిల్లల్ని పరీక్షిస్తే, 92 శాతం మంది అంతకుముందు ఏడాది వచ్చిన భాషా నైపుణ్యాల్లో కనీసం ఒకటి మరిచిపోయారు. ఆ ఐదింటిలో ఆంధ్రప్రదేశ్ లేదు గానీ, ఇక్కడ పరిస్థితి తిరగబడి ఉంటుందనుకోవడానికి కారణమూ లేదు. మూసివేత దెబ్బ అందరికీ ఒకేలా తగలదు. ఫీజు క్యాంపు మూస్తే అదే కోచింగ్ ఆన్‌లైన్‌కు మారుతుంది. గ్రంథాలయం మూస్తే అక్కడికి వచ్చే పిల్లలకు మరో పుస్తకాల గది లేదు.

5 శాతం గీత ఎంతవరకు పనికొస్తుంది

ఆంక్షలు సడలించాలంటే పరీక్షల్లో పాజిటివ్ శాతం రెండు వారాలపాటు 5 లోపు ఉండాలని 2020 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 2021 ఏప్రిల్‌లో కేంద్ర హోంశాఖ మరో గీత గీసింది: వారంలో పాజిటివ్ శాతం 10 దాటినా, ఆసుపత్రి పడకలు 60 శాతం మించి నిండినా కట్టడి చేయాలని. జిల్లా మొత్తానికి ఇవి మంచి గీతలే. మండల స్థాయిలో జాగ్రత్తగా వాడాలి. వారానికి పది పరీక్షలు చేసే పీహెచ్‌సీలో ఒక్కరికి పాజిటివ్ వస్తే పది శాతం, ఎవరికీ రాకపోతే సున్నా. రెండూ ఊరి పరిస్థితి చెప్పవు. అలాంటి చోట ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి రాసే జ్వరాల లెక్క, పక్క మండలాల ధోరణి కలిపి చూడడం మేలు.

గీత కన్నా ముఖ్యమైనది అది ఎటు కదులుతోందన్నది. 2021 ఫిబ్రవరి మధ్యలో దేశంలో రోజుకు సుమారు 11 వేల కేసులు వచ్చేవి. మే మొదటి వారంలో అవి 4 లక్షలు దాటాయి. ఫిబ్రవరిలో అంకెలు చూసి మే శిబిరానికి అనుమతి ఇచ్చినవారి లెక్క ఆ రోజుకు సరైనదే, శిబిరం రోజుకు కాదు. ఈ రోజు కనిపించే కేసులు వారం పది రోజుల కిందటి సోకుడు ఫలితం కాబట్టి అనుమతిని రెండు నెలల ముందే ఖాయం చేయడం అర్థం లేని పని. పేర్లు ముందుగా రాసుకోవచ్చు, తుది నిర్ణయం శిబిరానికి వారం ముందు, తర్వాత ప్రతి వారం.

ఎవరు తేల్చాలి, ఎప్పుడు ఆపాలి

చట్టం ప్రకారం దారి స్పష్టంగానే ఉంది. 1897 నాటి అంటువ్యాధుల చట్టం, 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద జిల్లాలో తుది మాట కలెక్టరుది. ఆచరణలో మాత్రం క్రీడా శిబిరం క్రీడల అధికారి చేతిలో, పుస్తకాల శిబిరం గ్రంథాలయ సంస్థ చేతిలో, గిరిజన పిల్లల శిక్షణ సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, ఐటీడీఏ, చేతిలో ఉంటాయి. ప్రైవేటు క్యాంపుకు చాలాసార్లు ఎవరి అనుమతీ ఉండదు, ఒక ఫ్లెక్సీ, ఒక వాట్సాప్ నంబరు చాలు. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం వేరు జిల్లా అయ్యాక, రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు ఊళ్లకు వేర్వేరు ఉత్తర్వులు వర్తించే అవకాశం కూడా వచ్చింది. ప్రభుత్వ శిబిరాలు మూసి, ఏసీ హాలులోని ఫీజు క్యాంపు నడుస్తుంటే రెండు రకాలా నష్టమే. ఆరుబయటి తక్కువ ప్రమాదం ఆగుతుంది, మూసిన గదిలోని ఎక్కువ ప్రమాదం సాగుతుంది. ఉత్తర్వు రాసేటప్పుడు ప్రభుత్వమా ప్రైవేటా అన్నది కాక, గాలి, సంఖ్య, రాత్రి బస, బయటి ఊరి పిల్లలు అన్న నాలుగింటిని బట్టి విడగొట్టాలి.

తెరవడానికి ఉన్నన్ని నిబంధనలు ఆపడానికి ఉండవు. ఒక పిల్లవాడికి పాజిటివ్ వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఆ జట్టు ఎన్నాళ్లు ఆగాలి, ఎన్ని జట్లలో వస్తే శిబిరం మొత్తం ఆపాలి? ఇవి మొదటి కేసు వచ్చాక కూర్చుని మాట్లాడుకుంటే, ఫీజు తిరిగివ్వాలన్న భయమో, పరువు పోతుందన్న జంకో నిర్ణయాన్ని రెండు రోజులు వెనక్కి లాగుతుంది. శిబిరం ఆగితే డబ్బు తిరిగిస్తామని ముందే రాసిన నిర్వాహకుడి దగ్గర తల్లిదండ్రులు జ్వరం దాచరు. కట్టిన డబ్బు పోతుందనుకుంటే పారాసిటమాల్ వేసి పంపుతారు.

పగటి శిబిరానికి ఇక్కడ పెద్ద వెసులుబాటు ఉంది. రేపు రావొద్దంటే చాలు. రాత్రి బస శిబిరంలో కేసులు తేలినప్పుడు రెండు దారులూ చెడ్డవే. పిల్లల్ని అక్కడే ఉంచితే ఇంకొందరికి అంటుతుంది, ఇళ్లకు పంపితే పది మండలాల్లోకి ఒకేసారి చేరుతుంది. ఆ పది మండలాల్లో ఉద్దానం మండలాలూ ఉండొచ్చు.

వచ్చేది కొవిడ్ కాకపోతే

పైన చెప్పిన లెక్కంతా పిల్లలకు తేలికగా, పెద్దలకు తీవ్రంగా వచ్చే వ్యాధికి సంబంధించినది. తర్వాతి మహమ్మారి అలాగే ఉంటుందని ఏమీ లేదు. 2009 స్వైన్‌ఫ్లూలో పిల్లలు, యువకులు ఎక్కువగా జబ్బుపడ్డారు. వయసు మళ్లిన చాలామందిలో పాత ఫ్లూల వల్ల కొంత రక్షణ మిగిలి ఉంది. దేశంలో ఆ వ్యాధితో నమోదైన తొలి మరణం ఆ ఏడాది ఆగస్టులో పుణెలో 14 ఏళ్ల బాలికది, ఆ నగరంలో బడులు మూశారు. ఫ్లూ మామూలుగా ఒకటి నుంచి నాలుగు రోజుల్లో బయటపడుతుంది. పది రోజుల శిబిరంలో కొవిడ్ ఒకటి రెండు చుట్లు తిరిగితే, ఫ్లూ మూడు నాలుగు చుట్లు తిరగగలదు. వ్యాప్తిలో పిల్లల పాత్ర కూడా అందులో పెద్దది.

అలాంటి వ్యాధి అయితే ఇంట్లో ఎవరున్నారన్న ప్రశ్న రెండో స్థానానికి వెళ్తుంది, జట్టులోని పిల్లలకే ఏమవుతుందన్నది ముందుకొస్తుంది. అప్పుడు పొద్దుటి ఆరుబయటి శిబిరానికి ఇచ్చిన సడలింపు కూడా చెల్లకపోవచ్చు. అందుకే కొత్త వ్యాధి వచ్చిన తొలి వారాల్లో జిల్లా వైద్యాధికారులు మొత్తం కేసుల సంఖ్య కన్నా ముందు ప్రకటించాల్సిన పట్టిక వేరే ఉంది: ఏ వయసువారిలో ఎందరికి సోకింది, ఎందరు ఆసుపత్రిలో చేరారు. శిబిరాల ఉత్తర్వు ఆ పట్టిక వచ్చాక రాస్తే చాలు.